రుజువు ఎవరు చూపించాలి?

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు మత్తు ఇవ్వకుండా, నొప్పికి మందు చుక్క కూడా వేయకుండా ఛాతీ కోసి ఆపరేషన్లు చేసిన కాలం ఒకటుంది. అది మరీ పాతకాలం కాదు, 1980ల నడిమి దాకా నడిచింది. ఆ సంగతి ఎత్తినప్పుడల్లా వైద్యులూ, వైద్యచరిత్ర రాసేవాళ్లూ, పత్రికల్లో ఆరోగ్యం పేజీలు చూసేవాళ్లూ ఒకే మాట చెప్పి ముందుకు వెళ్లిపోతారు: అప్పట్లో తెలియదండీ. పసిగుడ్డు నరాలు ఇంకా తయారుకావని అనుకున్నారు, మత్తిస్తే బిడ్డ దక్కదని భయపడ్డారు, తర్వాత పరిశోధనలు వచ్చాయి, పద్ధతి మారింది. ఇలా చెప్పుకుంటే ఎవరి మీదా నింద పడదు. అందుకే ఈ కథనం ఇంతకాలం నిలిచింది.

నేను దీన్ని ఒప్పుకోను. తెలియాల్సినవి చాలావరకు అప్పటికే తెలుసు. వాటిని లెక్కలోకి రానివ్వనిది ఒక ఆలోచనా పద్ధతి: నొప్పి ఉందని బిడ్డ తరఫున ఎవరో వచ్చి రుజువు చేయాలి, నొప్పి లేదనుకుని కోసేవాళ్లు మాత్రం ఏమీ రుజువు చేయక్కర్లేదు. ఆ పద్ధతి ఇంకా పోలేదు. ఆపరేషన్ థియేటర్ వదిలి వార్డులోకి, కంటి పరీక్ష గదిలోకి, బిడ్డను పెట్టిన బాక్సు పక్కకు వచ్చి కూర్చుంది. అందుకే ఈ పాత సంగతిని మళ్లీ తవ్వాల్సి వస్తోంది.

1985 ఫిబ్రవరిలో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో జిల్ లాసన్ అనే ఆవిడకు ఆరో నెల దాటీ దాటకముందే మగబిడ్డ పుట్టాడు. జెఫ్రీ అని పేరు పెట్టుకున్నారు. కడుపులో ఉన్నంతకాలం బిడ్డకు ఊపిరితిత్తులతో పనిలేదు కాబట్టి రక్తం వాటిని తప్పించుకుపోవడానికి గుండె పక్కన ఒక అడ్డదారి రక్తనాళం ఉంటుంది. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో అది రెండు మూడు రోజుల్లో మూసుకుపోతుంది. ముందే పుట్టినవాళ్లలో చాలామందికి తెరిచే ఉండిపోయి, లేత ఊపిరితిత్తుల మీదికి రక్తం పోటెత్తుతుంది. దీన్నే డాక్టర్లు పీడీఏ అంటారు. మందులకు మూసుకోకపోతే పక్కటెముకల మధ్య నుంచి లోపలికి వెళ్లి ఆ నాళాన్ని కట్టేయాలి. జెఫ్రీకి అదే చేశారు. గొట్టాలు వేయడానికి మెడకు రెండు పక్కలా, ఛాతీకి ఒక పక్కా గాట్లు పెట్టారు. రొమ్ము ఎముక దగ్గర మొదలుపెట్టి వీపు దాకా కోశారు. పక్కటెముకలు విడదీసి, ఊపిరితిత్తిని పక్కకు ఒత్తి, నాళం ముడివేశారు. గంటన్నర పట్టింది. అంతసేపూ బిడ్డకు మత్తు కింద ఇచ్చింది ఒకే ఒక్క మందు, పావులాన్.

పావులాన్ మత్తుమందు కాదు, నొప్పి మందూ కాదు. నరం నుంచి కండరానికి వెళ్లే ఆజ్ఞను దారిలో అడ్డుకుంటుంది, అంతే. దాని పనే కండరాన్ని కదలనివ్వకపోవడం. అది ఎక్కాక బిడ్డ చెయ్యి లాక్కోలేడు, మొహం ముడవలేడు, నోరు తెరిచి ఏడవలేడు. తనంతట తాను ఊపిరి కూడా తీయలేడు, యంత్రం తీయించాలి. కానీ చర్మం నుంచి వెన్నుపాముకు, అక్కడి నుంచి మెదడుకు నొప్పి తీసుకెళ్లే నరాల మీద దాని ప్రభావం ఏమీ ఉండదు. ఇంకో సంగతి. పావులాన్ తనంతట తానే గుండె వేగాన్ని పెంచుతుంది. కాబట్టి మానిటర్ మీద గుండె దడదడలాడుతున్నా, అది మందు పనే అని సరిపెట్టుకోవడానికి వీలుంటుంది. బిడ్డ దగ్గర మిగిలిన చివరి సంకేతానికి కూడా అలా ఇంకో అర్థం చెప్పేయవచ్చు.

జెఫ్రీ ఆ తర్వాత కొన్ని వారాలకే చనిపోయాడు. ఆపరేషన్‌లో ఏ మందు ఇచ్చారో తల్లికి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఆవిడ తర్వాత రికార్డులు చూసి, అడిగి తెలుసుకుంది. నెలలు నిండని పిల్లలకు నొప్పి తెలుస్తుందని తనకెవరూ నిరూపించి చూపలేదని మత్తు డాక్టరు తనతో అన్నట్టు జిల్ లాసన్ తర్వాత రాసింది. ఆవిడ ఊరుకోలేదు. ఆసుపత్రులకూ, వైద్య సంఘాలకూ, పత్రికలకూ ఉత్తరాలు రాస్తూ పోయింది. 1986 ఆగస్టులో వాషింగ్టన్ పోస్ట్ ఆ కథ వేశాక దేశం అదిరిపడింది. తమ పిల్లలకూ అలాగే చేశారని తెలుసుకున్న తల్లులు ఇంకా ఉన్నారని అప్పుడే బయటపడింది. జెఫ్రీకి జరిగింది ఒక డాక్టరు పొరపాటు కాదు, అప్పటికి చలామణిలో ఉన్న పద్ధతి.

ఆ మత్తు డాక్టరు చెప్పిన జవాబును నిదానంగా చూడాలి. నొప్పి లేదని నాకు తెలుసు అని ఆవిడ అనలేదు. ఉందని ఎవరూ చూపలేదు అంది. ఛాతీ తెరిచే చోట అనుమానం మిగిలి ఉంటే ఆ అనుమానం ఎవరికి లాభించాలి? పెద్దవాళ్ల విషయంలో ఈ ప్రశ్న లేవదు. స్పృహ తప్పి, మాట పడిపోయి, ఏమీ చెప్పలేని స్థితిలో వచ్చిన రోగికి కూడా నొప్పి ఉందని రుజువు తెస్తేనే మందిస్తానని ఎవరూ అనరు. పసిబిడ్డ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ న్యాయం తిరగబడింది.

ఇక తెలియదు అన్న మాట. కండరాలను పడగొట్టే మందు నొప్పిని ఆపదని 1985కు ఎంతకాలం ముందు తెలుసు? 1947లోనే తెలుసు. అమెరికాలో స్కాట్ స్మిత్ అనే మత్తు వైద్యుడు తన మీద తానే ప్రయోగం చేసుకున్నాడు. పావులాన్ కన్నా ముందుతరం మందు క్యురారేను పూర్తి మోతాదులో ఎక్కించుకుని, ఒళ్లంతా పడిపోయేదాకా ఉండి, తేరుకున్నాక జరిగినవన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. తెలివి చెక్కుచెదరలేదు. స్పర్శ, నొప్పి అన్నీ మామూలుగానే తెలిశాయి. ఆ పరిశోధన ఆ ఏడు అనస్థీషియాలజీ పత్రికలో అచ్చయింది, పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. పెద్దవాళ్లలో ఆపరేషన్ మధ్యలో మత్తు పలచబడి, కండరాల మందు మాత్రం పనిచేస్తూ ఉంటే దాన్ని ఘోరమైన ప్రమాదంగా లెక్కేస్తారు, కేసులు పడతాయి, ఆ మనిషి ఏళ్ల తరబడి ఉలిక్కిపడి లేస్తాడు. అదే స్థితిని పసిపిల్లల మీద తెలిసి తెలిసి కల్పించి, దానికి పద్ధతి అని పేరు పెట్టారు.

మందులు లేవా? ఉన్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో రాబిన్సన్, గ్రెగొరీ అనే ఇద్దరు డాక్టర్లు నెలలు నిండని పిల్లలకు ఫెంటనిల్ అనే గట్టి నొప్పి మందు ఇచ్చి, సరిగ్గా ఈ పీడీఏ ఆపరేషనే చేయించి, రక్తపోటు నిలకడగా ఉందని 1981లో అచ్చువేశారు. జెఫ్రీ ఆపరేషన్‌కు నాలుగేళ్ల ముందు సంగతి ఇది. అది చదవడానికి ఏ కొత్త విజ్ఞానమూ అక్కర్లేదు, ఆ నెల పత్రిక చాలు.

నరాలకు పైపూత లేదు కాబట్టి నొప్పి పోదు అన్న వాదన ఇంకొకటి ఉండేది. నరం చుట్టూ ఉండే మైలిన్ అనే పొర ముందుగా పుట్టిన పిల్లల్లో పూర్తిగా ఏర్పడదు, నిజమే. అయితే పెద్దవాళ్లలో మాత్రం నొప్పిని మోసేవి ఏ నరాలు? చాలావరకు ఆ పొర లేనివీ, బాగా పలచగా ఉన్నవీ. పంటినొప్పి, కడుపునొప్పి, కాలిన గాయం మంట అన్నీ ఎక్కువగా అలాంటి నరాల మీదే వస్తాయి. పొర లేకపోతే కబురు నెమ్మదిగా చేరుతుందే గాని ఆగిపోదు. మూర పొడవు కూడా లేని బిడ్డలో కబురు ప్రయాణించాల్సిన దూరం కూడా తక్కువే. మొదటి సంవత్సరం వైద్యవిద్యార్థి నరాల పాఠం చదివి పట్టుకోగల లోపం ఇది. పట్టుకోలేదంటే దాన్ని వెతకాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదన్నమాట.

అసలు రుజువుగా చూపించినవి ఎంత పలచనో చూడండి. 1941లో మిర్టిల్ మెక్‌గ్రా అనే పరిశోధకురాలు 75 మంది పిల్లలను పుట్టినప్పటి నుంచి నాలుగేళ్ల దాకా సూదిమొనతో గుచ్చి చూసింది. పుట్టిన మొదటి రోజుల్లో కొందరిలో స్పందన సరిగా కనబడలేదంది. ఆ సూదిగుచ్చుడు నుంచి పక్కటెముకలు విడదీయడం దాకా వచ్చేశారు. ఆ దూరం దాటించే పరిశోధన మధ్యలో ఒక్కటీ లేదు. నొప్పి ఉందనడానికి అంత గట్టి సాక్ష్యం కావాలన్నవాళ్లు, లేదనడానికి ఇంత బలహీనమైన సాక్ష్యంతో ఎలా తృప్తి పడ్డారు?

న్యాయంగా చెప్పాల్సింది ఒకటుంది. మత్తిస్తే బిడ్డ పోతుందన్న భయం మొదట్లో ఉత్త సాకు కాదు. 1950లో లివర్‌పూల్‌లో జాక్సన్ రీస్ పసిపిల్లలకు నైట్రస్ ఆక్సైడ్, క్యురారేలతో ఆపరేషన్లు చేయించే పద్ధతి రాసేనాటికి, గాఢమైన మత్తు వాయువులు చిన్న గుండెను కుంగదీసేవి. అంత చిన్న గొంతుకు సరిపోయే పరికరాలు లేవు. రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో క్షణక్షణం చూపించే యంత్రం ఊహలో కూడా లేదు. ఆయన పద్ధతి వల్ల బతికిన పిల్లలు ఎందరో. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కానీ ఆ భయం పుట్టించిన కారణాలు ఒక్కొక్కటే తొలగిపోతూ వచ్చినా భయం పేరుతో వచ్చిన అలవాటు తొలగలేదు. పైగా ఇంకా దిగజారింది. కొన్నిచోట్ల ఆ కాస్త నైట్రస్ ఆక్సైడ్ కూడా తీసేసి, ప్రాణవాయువు, కండరాల మందు మాత్రమే మిగిల్చారు. అలా చేసినా పిల్లలు ఆపరేషన్‌ను తట్టుకున్నారని 1970లలో పత్రికల్లో రాసుకున్నారు కూడా. తట్టుకున్నారనడానికి కొలమానం ఏమిటంటే బల్ల మీద చనిపోకపోవడం.

ఫెంటనిల్ ఇస్తే ఊపిరి మందగిస్తుంది అనేవాళ్లు. మందగిస్తుంది, నిజమే. కానీ పీడీఏ ఆపరేషన్‌కు వచ్చే బిడ్డ అప్పటికే వెంటిలేటర్ మీద ఉంటాడు. ఆపరేషన్ తర్వాత కూడా అక్కడే ఉంటాడు. కండరాల మందుతో ఊపిరిని పూర్తిగా ఆపేసినవాళ్లే నొప్పి మందు ఊపిరి తగ్గిస్తుందని వెనకాడటం ఏ తర్కానికి అందుతుంది?

ఈ పద్ధతిని కదిలించిన మనిషి మన దేశం నుంచి వెళ్లినవాడే. కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్ ఇండోర్‌లో ఎంబీబీఎస్ చదివి, రోడ్స్ స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్ వెళ్లాడు. పసిపిల్లల వార్డులో పనిచేస్తూ ఒకటి గమనించాడు. ఆపరేషన్‌కు తీసుకెళ్లేముందు నిలకడగా ఉన్న బిడ్డలు తిరిగి వచ్చేసరికి పాలిపోయి, నాడి సరిగా అందక, నానా అవస్థలో ఉంటున్నారు. వాళ్లను కుదుటపరచడానికే గంటలు పడుతోంది. థియేటర్‌లో ఏం జరుగుతోందో చూద్దామని వెళ్లాడు. నొప్పికి ఏమీ ఇవ్వడం లేదు.

ఆయన వాదన పెట్టుకోలేదు, కొలిచాడు. సహచరులతో కలిసి పీడీఏ ఆపరేషన్‌కు వచ్చిన 16 మంది నెలలు నిండని పిల్లలను తీసుకున్నారు. అందరికీ నైట్రస్ ఆక్సైడ్, క్యురారే మామూలే. ఎనిమిది మందికి అదనంగా కిలోకు 10 మైక్రోగ్రాముల ఫెంటనిల్. ఆపరేషన్‌కు ముందు, తర్వాత రక్తం తీసి అడ్రినలిన్, నారడ్రినలిన్, గ్లూకగాన్, చక్కెర, లాక్టేట్ చూశారు. ఫెంటనిల్ అందని పిల్లల్లో అవన్నీ ఎగబాకాయి. తర్వాత వెంటిలేటర్ సాయం పెంచాల్సి రావడం, రక్తప్రసరణ ఇబ్బందులు కూడా వాళ్లలోనే ఎక్కువ. ఇది 1987 జనవరిలో లాన్సెట్‌లో వచ్చింది. ఆ ఏడాది నవంబరులో ఆనంద్, పాల్ హికీ కలిసి న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో నరాల గురించి, మెదడు గురించి అప్పటిదాకా తెలిసినదంతా పోగుచేసి చూపించారు. ఈ రెంటి మధ్యలో, సెప్టెంబరులో, అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం ప్రకటన ఇచ్చింది: వయసు చూసో, మెదడు ఎంత ఎదిగిందో అంచనా వేసో మత్తు మానేయరాదని.

ఈ తేదీల వరసను చూపించి, పరిశోధన వచ్చింది కాబట్టి పద్ధతి మారింది అంటారు. వాషింగ్టన్ పోస్ట్‌లో ఆ తల్లి కథ వచ్చిన తేదీని మాత్రం ఆ వరసలో పెట్టరు. 1981 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాసం కూడా పరిశోధనే. దానితో ఏమీ కదలలేదు. 1987లో కదిలిందంటే జిల్ లాసన్ ఉత్తరాలకు, వాటిని చదివిన ప్రజల కోపానికి అందులో పెద్ద వాటా ఉంది. ఆ తల్లికి రావలసిన పేరును ప్రయోగశాలకు రాసేయడం అన్యాయం.

ఇంకాస్త లోతుకు వెళితే, నొప్పిని వదిలేయడం అసలు సురక్షితమైన దారేనా అన్న ప్రశ్న వస్తుంది. 1992లో ఆనంద్, హికీ బోస్టన్‌లో గుండె ఆపరేషన్లు చేయించుకున్న పసిపిల్లల మీద ఇంకో పరీక్ష చేశారు. 30 మందికి సుఫెంటనిల్‌తో గాఢమైన మత్తు, అదే ఆపరేషన్ తర్వాత కూడా కొనసాగింపు. 15 మందికి హాలోథేన్, మార్ఫిన్‌లతో పలచటి మత్తు. పలచటి మత్తు ఇచ్చిన 15 మందిలో నలుగురు చనిపోయారు. గాఢంగా ఇచ్చిన 30 మందిలో ఒక్కరూ పోలేదు. చిన్న పరీక్షే, అందులో పిల్లలు నెలలు నిండినవాళ్లు కూడా, ఒక్కదాని మీదే మేడలు కట్టలేం. అయినా ఇంతకాలం మందు వల్ల చావు అన్న పద్దు ఒక్కటే తెరిచి, నొప్పి వల్ల చావు అన్న పద్దు అసలు తెరవనే లేదని అది తేల్చింది. ఒళ్లు నొప్పితో పోరాడుతుంటే గుండె మీద భారం పెరుగుతుంది, కండరం కరుగుతుంది, చక్కెర పెరుగుతుంది, గాయం మానడం ఆలస్యమవుతుంది. ముప్పావు కిలో బిడ్డ దగ్గర వీటన్నిటికీ ఖర్చుపెట్టడానికి నిల్వ ఎక్కడిది?

వాదనలన్నీ ఓడినా గుర్తుండదు కదా అన్న మాట మాత్రం ఇంకా నిలిచే ఉంది. ఇది కొత్తది కాదు. మత్తుమందుగా ఈథర్ వచ్చిన రెండేళ్లకే, 1848లో, బోస్టన్ సర్జన్ హెన్రీ బిగెలో ఇదే అన్నాడు: శిశువుకు రాబోయే నొప్పి గురించి బెంగ ఉండదు, అయిపోయిన నొప్పి గుర్తుండదు, మత్తు అంత అవసరం లేదు. ఇవాళ ఎన్‌ఐసీయూ బయట నిలబడ్డ తల్లితో సిస్టరు అనే మాట కూడా అదే: "చిన్న సూదేనమ్మా, బాబుకి ఏం తెలీదు, గుర్తు కూడా ఉండదు." ఊరడించడానికి అంటుంది, ఆమెను తప్పుపట్టను. కానీ ఆ మాట మీద వైద్యం నడవకూడదు. ఎండోస్కోపీ చేయించుకునే పెద్దమనిషికి జ్ఞాపకం నిలవకుండా చేసే మందు ఇస్తారు. అది ఇచ్చాక కాలు విరగ్గొట్టినా పొద్దున్నకు గుర్తుండదు. అందుకని నొప్పి మందు మానేద్దామా?

పోనీ, గుర్తుండదన్నది నిజమా? కెనడాలో అన్నా టాడియో బృందం మగపిల్లల మీద చేసిన పరిశీలన 1997లో లాన్సెట్‌లో వచ్చింది. పుట్టిన కొత్తలో మొద్దుబార్చే మందు లేకుండా సున్తీ చేయించుకున్న పిల్లలు, నాలుగు నుంచి ఆరు నెలల వయసులో టీకా వేసినప్పుడు, సున్తీ కాని పిల్లలకంటే ఎక్కువగా ఏడ్చారు. మందు పూసి చేసినవాళ్లు అంతగా ఏడవలేదు. ఆ బిడ్డకు సంగతి గుర్తులేకపోవచ్చు, ఒంటికి గుర్తుంది. నెలలు నిండనివాళ్లలో ఇది ఇంకా ఎక్కువ. నొప్పిని పైనుంచి అణిచే ఏర్పాటు ఒకటి పెద్దవాళ్ల మెదడులో ఉంటుంది. వెన్నుపాముకు కిందికి కబురు పంపి నొప్పి తీవ్రతను తగ్గిస్తుంది. ముందే పుట్టిన బిడ్డలో అది ఇంకా సరిగా పనిచేయదు. అందుకే పదేపదే సూదులు గుచ్చిన మడమను ఊరికే తాకినా కాలు లాక్కుంటారని లండన్‌లో మరియా ఫిట్జెరాల్డ్ బృందం చూపించింది. ఎంత ముందు పుడితే నొప్పి అంత తక్కువ అని దశాబ్దాలు నమ్మారు. నరాలు చెబుతున్నది దానికి పూర్తిగా ఎదురు.

ఇప్పటి వాదన ఇంకో రూపంలో వస్తోంది, కాస్త బలమైనదే. మత్తుమందులు ఎదిగే మెదడుకు హాని చేస్తాయి అంటారు. ఏడు రోజుల ఎలుకపిల్లలకు కొన్ని మత్తుమందులు కలిపి గంటల తరబడి ఇస్తే మెదడు కణాలు చనిపోయాయని 2003లో తేలింది. 2016 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మూడేళ్ల లోపు పిల్లలకు మూడు గంటలకు మించి, లేదా పదేపదే మత్తు ఇవ్వడం మీద హెచ్చరిక ఇచ్చింది. దీన్ని తేలిగ్గా తీసుకోమని నేనడగను. కానీ ఆ హెచ్చరికలో పేర్కొన్న మందుల జాబితా తీసి చూడండి. సెవోఫ్లూరేన్, ప్రొపొఫాల్, కెటమిన్, మిడజొలాం లాంటివి ఉంటాయి. ఫెంటనిల్ లేదు, మార్ఫిన్ లేదు, వెన్నులో ఇచ్చే మొద్దుబార్చే మందులు లేవు. హెర్నియా ఆపరేషన్ చేయించుకున్న 722 మంది శిశువులను ఏడు దేశాల్లో ఐదేళ్లు వెంబడించిన గ్యాస్ అనే అధ్యయనంలో, గంటలోపు సెవోఫ్లూరేన్ మత్తు పొందినవాళ్లకూ వెన్ను ఇంజెక్షన్‌తో మెలకువగా ఉన్నవాళ్లకూ తెలివితేటల్లో తేడా కనబడలేదు. అన్నిటికన్నా ముఖ్యమైనది వేరే ఉంది. ఆ అధ్యయనంలో రెండు పక్కలా నొప్పి లేకుండానే చేశారు. ఏ మందు అన్నదే అక్కడ ప్రశ్న. దాన్ని మందా, ఉత్త కోతా అన్న ప్రశ్నకు జవాబుగా వాడుకోవడం మోసం.

మార్ఫిన్ మీద వచ్చిన పరీక్షలనూ ఇలాగే వాడుతున్నారు. వెంటిలేటర్ మీదున్న 898 మంది నెలలు నిండని పిల్లలతో నియోపెయిన్ అనే పరీక్ష జరిగింది. మార్ఫిన్ నిరంతరంగా ఎక్కించడం వల్ల మెదడులో రక్తస్రావం తగ్గలేదని, కొందరిలో రక్తపోటు పడిపోయిందని 2004లో తేలింది. ఆ పరీక్ష నడిపించింది ఆనందే. ఆక్స్‌ఫర్డ్‌లో కంటి పరీక్షకు ముందు నోటి ద్వారా మార్ఫిన్ ఇచ్చి చూసిన పాపి అనే పరీక్షను 31 మంది పిల్లల దగ్గరే ఆపేశారు. ఊపిరి ఇబ్బందులు వచ్చాయి, నొప్పి మాత్రం తగ్గలేదు. వాళ్లు దాచలేదు, 2018లో అచ్చువేశారు. ఈ రెండిటి నుంచి తేలేది ఏమిటి? ఆ మందు, ఆ మోతాదు, ఆ పనికి సరిపోదని. అందుకని ఏమీ ఇవ్వకుండా చేద్దాం అనడం మళ్లీ పాత లెక్కే. ఏమీ ఇవ్వకపోవడం కూడా ఒక చికిత్సే, దాని హాని కూడా ఇలాగే కొలవాలి. మందును వందసార్లు బోనులో నిలబెట్టి, ఉత్త కోతను ఒక్కసారీ ప్రశ్నించనివాళ్లు జాగ్రత్తపరులం అని చెప్పుకోకూడదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2020లో మన దేశంలో దాదాపు 30 లక్షల మంది పిల్లలు నెలలు నిండకుండా పుట్టారని అంచనా, ప్రపంచంలో అన్ని దేశాలకన్నా ఎక్కువ. హైదరాబాద్, విజయవాడ, విశాఖలాంటి నగరాల్లో పెద్ద ఆపరేషన్‌కు థియేటర్‌లోకి వెళ్లిన బిడ్డకు పిల్లల మత్తు డాక్టరు ఉంటారు, ఫెంటనిల్ ఉంటుంది. అసలు సంగతి థియేటర్ బయట ఉంది. పేగు చిల్లుపడిన బిడ్డను కదిలించలేక బాక్సు పక్కనే పొట్టకు గాటు పెట్టి గొట్టం వేస్తారు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరితే ఛాతీలో గొట్టం వేస్తారు. సిర దొరక్క కోసి గొట్టం పెడతారు. ఇవన్నీ ఆపరేషన్లే, పేరుకు మాత్రం ప్రొసీజర్లు. అక్కడ మత్తు డాక్టరు ఉండరు. పారిస్ ప్రాంతంలో 430 మంది పసిపిల్లలను గమనించిన అధ్యయనం 2008లో వచ్చింది. నొప్పి కలిగించే పనులు ఒక్కో బిడ్డకు రోజుకు సగటున పది జరిగాయి, అందులో దాదాపు 80 శాతం నొప్పికి ప్రత్యేకంగా ఏమీ ఇవ్వకుండానే. అది ఫ్రాన్స్ రాజధాని పరిస్థితి. మన జిల్లా ఆసుపత్రుల్లోని పసిపిల్లల ప్రత్యేక వార్డుల్లో (ఎస్‌ఎన్‌సీయూల్లో) అంతకన్నా మెరుగ్గా ఉంటుందని ఎవరైనా గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలరా?

కళ్ల సంగతి మరీ దగ్గరది. ముందే పుట్టిన పిల్లల్లో రెటీనా రక్తనాళాలు వంకరగా పెరిగి చూపు పోయే ఆర్‌ఓపీ జబ్బును పట్టుకోవడానికి హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ 1990ల చివరి నుంచి నగరంలోని పసిపిల్లల వార్డులకు వెళ్లి పరీక్షలు చేస్తోంది. ఆ పని వల్ల చూపు నిలిచిన పిల్లలు రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎందరో ఉన్నారు, ఆ కృషికి చేతులెత్తి మొక్కాలి. జబ్బు ముదిరితే లేజర్ చేయాలి, రోజుల్లో చేయాలి. రెప్పలు మూసుకోకుండా తీగ క్లిప్పు పెడతారు. కనుగుడ్డును చిన్న పరికరంతో ఒత్తి తిప్పుతూ అంచుల దాకా వందలకొద్దీ చుక్కలు కాలుస్తారు. మన దేశంలో చాలాచోట్ల కంట్లో వేసే మొద్దుబార్చే చుక్కలతోనే ఇది అయిపోతుంది. చుక్కలు పై పొరకు పనిచేస్తాయి. లోపలి ఒత్తిడికి, కాల్పుకు అంతగా పనిచేయవు. బిడ్డను పెద్దాసుపత్రికి పంపి, మత్తు డాక్టరు కోసం ఆగితే చూపు పోతుంది అంటారు డాక్టర్లు. ఒప్పుకుంటాను, గుడ్డితనం ముందు ఆగలేం. కానీ మత్తు డాక్టరు లేని కొరతకు జవాబు మత్తు డాక్టరును వేయడం. ఆ కొరత ఇరవై ఏళ్లు నడిచాక దాన్నే ప్రమాణం చేసి, ఇంతకన్నా అక్కర్లేదు అనడం దగ్గర నాకు పేచీ.

ఇంకొక అడ్డంకి మన చట్టంలోనే ఉంది. ఫెంటనిల్, మార్ఫిన్ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. 2014 సవరణ దేశమంతా ఒకే లైసెన్సు పద్ధతి పెట్టి దారి సుగమం చేసింది. అయినా తాళం వేసిన అల్మారా, రిజిస్టరు, ఇద్దరి సంతకాలు, మిగిలిన సగం యాంప్యూల్‌కు లెక్క, ఇవన్నీ చూసి చిన్న ఆసుపత్రులు ఆ మందులు తెప్పించడమే మానేస్తాయి. పారాసెటమాల్ ఇంజెక్షన్‌కు ఈ బాధ ఏమీ లేదు. పెద్ద ఆపరేషన్ తర్వాత అది ఇస్తే శిశువులకు కావలసిన మార్ఫిన్ మూడింట రెండు వంతులు తగ్గిందని రోటర్‌డామ్ పరీక్ష 2013లో చూపింది. గాటు పెట్టేచోట మొద్దుబార్చే లిగ్నోకైన్ వేయడానికి అనుమతులు అక్కర్లేదు. సూదిపోటుకు ముందు చుక్క తల్లిపాలు, తల్లి ఒంటికి అంటిపెట్టుకోవడం పైసా ఖర్చులేనివి. ఇవి కోతకు సరిపోవు, సరిపోయేచోట కూడా వాడటం లేదన్నదే నా ఫిర్యాదు.

కాబట్టి అడగాల్సింది చిన్నదే. నెలలు నిండని బిడ్డ కేసు షీటులో ప్రతి కోతకూ, ప్రతి గొట్టానికీ ఎదురుగా ఒక గడి ఉండాలి. ముందు ఏ మందు ఇచ్చారు, ఎంత మోతాదు, తర్వాత నొప్పి స్కోరు ఎంత. పిల్లల నొప్పి కొలవడానికి 1996 నుంచీ పీఐపీపీ అనే కొలత ఉంది, మొహం ముడతలు, గుండె వేగం, ప్రాణవాయువు, బిడ్డ వారాలు చూసి మార్కులు వేస్తుంది, నర్సుకు నేర్పడం కష్టమేమీ కాదు. మందు ఇవ్వలేని పరిస్థితి నిజంగా వస్తుంది. రక్తపోటు పూర్తిగా పడిపోయిన బిడ్డ ఉంటాడు, క్షణం ఆగితే ప్రాణం పోయే సందర్భం ఉంటుంది. అప్పుడు ఆ గడిలో ఎందుకు ఇవ్వలేదో కారణం రాయాలి, రాసిన డాక్టరు కింద సంతకం పెట్టాలి. తల్లిదండ్రులు అడిగితే ఆ కాగితం చూపించాలి.